ఎర్రనీరు దిగేదాకా

మావా, ఎలా ఉన్నావు? నువ్వు పోయి మూడు నెలలు దాటింది. నా రాత చూస్తే ఇసకలో పీత నడిచినట్టుందని నవ్వుతావు. నవ్వుకో. చెప్పుకోడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు?

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నువ్వింకా ఇక్కడే ఉన్నావు.

"నేను పోయాక గోదాట్లో వదిలెయ్యండి చాలు. సముద్రంలో కలిసే మొగదాకా నేనే పోతాను, దారి నాకు తెలీదేంటి!" అనేవాడివి. అలాగే మీ అన్నయ్య నీ అస్థికలు కొత్త కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి దరియాలతిప్ప రేవులో వదిలాడు. నడివేసవి కదా... ఎగువన ఆనకట్ట గేట్లు మూసే ఉన్నాయి. ఏట్లో పారే నీరే లేదు. సముద్రపు పోటే పైకి ఎగదన్నుతోంది. మర్నాడు పొద్దున చూస్తే కుండ మన పడవ పక్కనే బురదలో ఉంది.

కడిగి తెచ్చి పడవ పాకలో వేలాడదీశాను. మళ్ళీ వదులుదామన్నాడు మీ అన్నయ్య. నేను ఒప్పుకోలేదు. ఎన్నిసార్లు తిరిగిరావాలి నువ్వు?

మొన్న ఫరంపేటలో మీటింగు పెట్టారు. పైనుంచి ఎంత నీరు వదిలితే ఏట్లో చేపలు, మడచెట్లు బతుకుతాయో, మనుషులకీ సరిపోతుందో లెక్క కట్టేవాళ్ళట. మంచివాళ్ళే, ఓపిగ్గా విన్నారు. రైతులు రెండో పంట దాళ్వాకి అడిగారు. చెరువులవాళ్ళు రొయ్యకి అడిగారు. మనవాళ్ళు పులస పేరెత్తారు. నాకు నీ మాటే గుర్తొచ్చింది. "పులస ఎదురీదాలంటే ఎదురొచ్చే నీళ్ళుండాలి కదే! దాన్ని గాల్లో ఈదమంటారా?"

నేనూ లేచాను. వేసవిలో పోయిన మనిషి సముద్రం చేరడానికి ఎంత నీరు కావాలో అదీ రాసుకోమన్నాను. ఎవరూ నవ్వలేదు. లెక్క కట్టేవాళ్ళలో ఒక మేడమ్ తలొంచుకుని రాసుకుంది. లెక్క కట్టడమే తమ పని, గేట్లు తమ చేతిలో లేవని కూడా ఆమే చెప్పింది.

ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరి మీద పడను? తిట్టుకుంటూ ఇంటికొచ్చి కుళాయి కింద చెంబు పెట్టాను. అప్పుడు తట్టింది... ఇవీ ఆనకట్ట నుంచి వచ్చే కాలవ నీళ్ళే కదా. నీ దారిలోంచి మళ్ళించినవే. అయినా తాగాను. దాహం ఆగుతుందా మావా? తాగి ఏడ్చాను.

శ్రావణం వచ్చింది. ఈపాటికి వరద ఎర్రగా దిగాలి, వలలో పులస పడాలి. ఎగువన వానల్లేవు. నీ వల దూలానికే ఉంది, ఎలకలు కొరికేశాయి. రోజూ పొద్దున్నే ఏట్లో వేలు ముంచి నాలిక మీద వేసుకుంటున్నాను. ఇంకా ఉప్పే. నాకు పిచ్చెక్కిందంటున్నాడు మీ అన్నయ్య. అననీ.

ఎర్రనీరు దిగిన రోజు, నీరు సముద్రం వైపు లాగే వేళ చూసుకుని పడవ నేనే తీస్తాను. నడి ఏట్లో నా చేతులతో వదులుతాను. అందాకా పాకలోనే ఉండు.

ఏ పెళ్ళామూ మొగుడితో అనని మాట అంటున్నాను... ఈసారి మాత్రం తిరిగి రాకు మావా.

నీ సత్తెమ్మ