మాగాయ జాడీ

చినగట్టుపాలెం,
6 ఆగస్టు 1967

ప్రియమైన సరోజా,

తెనాలి కాన్వెంటులో మన బెంచీ వదిలాక ఇన్నాళ్ళకు నీకు రాయదగ్గ వార్త ఒకటి దొరికింది. రేపల్లె గ్రంథాలయంలో నాకు ఉద్యోగం వచ్చింది. జనవరిలో చేరాలి. రోజంతా పుస్తకాల మధ్య కూర్చోవచ్చు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేదు.

నాన్న ఒప్పుకున్నారు, కాని మా ఊరికి బస్సు వస్తేనే. ప్రెసిడెంటు కూతురు నాలుగు మైళ్ళు బురద తొక్కుకుంటూ వెళ్ళడమేమిటని ఆయన బాధ. రోడ్డు బాగుపడితేనే బస్సు వేస్తామని బస్సు కంపెనీవాళ్ళంటున్నారు. రోడ్డు బాగుపడాలంటే సర్కారు వారి మరమ్మతు గ్రాంటు రావాలి. గ్రాంటు రావాలంటే ఇంజనీరు గారు చూసి రాయాలి. ఆ ఇంజనీరు మీ నాన్నగారే. గురువారం వస్తున్నారు.

సిఫారసు అడగడం లేదు. భయంగా ఉందని చెబుతున్నాను, అంతే.

ఎప్పటిలా నీ వెనక నక్కిన
తులసి

*

బాపట్ల,
8 ఆగస్టు

ప్రియమైన పిరికిదానా,

సిఫారసు అడిగినా లాభం లేదు. మా నాన్న తన నడుము మాట తప్ప ఎవరి మాటా వినరు. టేపు పట్టేది మేస్త్రీ. నాన్న జీపులో కూర్చుని వెళ్ళొస్తారు. ఇంటికొచ్చాక అమ్మ ఉప్పుమూటతో కాపడం పెట్టాలి. ఎంత మూలిగితే ఆ ఊరికి అంత గ్రాంటు. కిందటి నెల ఒక ఊరు చూసొచ్చి రెండు రోజులు బోర్లా పడుకున్నారు. ఆ ఊరి అదృష్టం పండింది.

కాబట్టి మీ గుంటలను ఎవరినీ ముట్టుకోనివ్వకు.

నీ గయ్యాళి
సరోజ

*

చినగట్టుపాలెం,
11 ఆగస్టు

ప్రియమైన సరోజా,

జీపు వెళ్ళిపోయాక నీ ఉత్తరం అందింది. ముందే అందినా జరిగేది ఇదే.

బుధవారమంతా ఊరు ఊరే రోడ్డు మీద ఉంది. మిల్లు నుంచి బండ్లతో ఊక తోలి, గుంటల్లో తొక్కి, పైన మన్ను పరిచి కళ్ళాపి చల్లారు. పేరంటాలు పిన్ని ముగ్గు వేయబోతే అమ్మ ఆపింది. వైద్యుడు వచ్చేటప్పుడు ఎవరైనా జ్వరం దాచుకుంటారా అని అమ్మ చేత నాన్నను అడిగించాను. నాన్న తలుపు వైపు తిరిగి, చాటున ఉన్న నాకే చెప్పారు.

"ఇంటికొచ్చే పెద్దమనిషిని గుంటల్లో కుదేసి, ఆనక చెయ్యి చాపుతామా? ఊరి పరువేం కానమ్మాయ్?"

మీ నాన్నగారు జీపు దిగి నడుము తడుముకున్నారు. తరవాత నవ్వారు. అప్పుడే నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

"ఇంత మెత్తటి రోడ్డు ఈ చుట్టుపక్కల చూళ్ళేదండి ప్రెసిడెంటు గారూ" అన్నారు. నాన్న పొంగిపోయి మరో రెండు గారెలు వడ్డించారు.

జీపులో ఒక మాగాయ జాడీ ఉంటుంది. మా అమ్మమ్మ నాటిది. ఖాళీ అయ్యాక పంపండి. తొందరేమీ లేదు. నాలుగు వానలు పడ్డాక అయినా సరే.

దిగులుతో
తులసి

*

బాపట్ల,
26 సెప్టెంబరు

ప్రియమైన తులసీ,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకో. ఆ రోజు నాన్న ఈలవేస్తూ వచ్చారు. కాపడం వద్దన్నారు. మీ ఊరికి ఈ ఏడు గ్రాంటు అక్కర్లేదన్నారు. అది నీకు ఎలా రాయను?

ఈలోగా మాగాయ అయిపోయింది. ఖాళీ జాడీ పంపకూడదని అమ్మ దాని నిండా సున్నుండలు పెట్టింది. ప్యూనుతో పంపిస్తానన్నారు నాన్న. "తిన్నది మనమండీ. మీరే వెళ్ళి ఇచ్చిరావాలి" అంది అమ్మ. మొన్న ఆదివారం ముసురు తెరిపి ఇవ్వగానే నాన్న బయల్దేరారు.

నిన్న జీపు లేకుండా వచ్చారు. ఎడ్లబండిలో రేపల్లె, రైల్లో తెనాలి, అక్కడ మారి బాపట్ల. మీ ఊక అంతా నీళ్ళ మీద తేలిందట. జీపు ఇరుసు దాకా దిగబడిందట. మీ నాన్నగారు వెనక నుంచి తోస్తూ, "మొన్నటిదాకా బాగానే ఉందండి" అన్నారట. మా నాన్న బురదలో కూలబడి కూడా జాడీ వదల్లేదట. పగిలితే అమ్మకు ఏం చెప్పాలి?

అమ్మ కాపడం పెడుతుంటే బోర్లా పడుకునే మీ రోడ్డు సంగతి రాశారు. ఎంత నొక్కి రాశారంటే కాగితం చిరిగింది. ఒక్క మాట నిన్ను అడగమన్నారు. ఆ జాడీ జీపులో పెట్టిందెవరు? మీ నాన్నగారు తనకు తెలియదన్నారట.

ఉప్పు వేయిస్తూ
సరోజ

*

రేపల్లె,
8 జనవరి 1968

ప్రియమైన సరోజా,

ఇది గ్రంథాలయం బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. గ్రాంటు వచ్చింది. కోతలయ్యాక కంకర పడింది, రోలరు తిరిగింది. మొదటి రోజు నాన్న బస్సుకు దండ వేసి, నాతోపాటు ఎక్కి, రేపల్లె రాకముందే నిద్రపోయారు. రోడ్డు అంత బాగుంది.

మీ నాన్నగారి ప్రశ్నకు ఇన్నాళ్ళూ జవాబు రాయలేకపోయాను. జాడీ పెట్టింది నేనే. మగవాళ్ళంతా భోజనాల దగ్గర ఉన్నప్పుడు వెళ్ళి సీటు కింద పెట్టాను. నోరు విప్పి చెప్పడం నాకు చేతకాదు. ఊక ఎన్నాళ్ళుంటుందో మాత్రం తెలుసు. మీ అమ్మగారి సంగతీ తెలుసు. హాస్టల్లో ఉన్నప్పుడు నేను మీ ఇంటికి పంపిన డబ్బా ఒక్కసారైనా ఖాళీగా తిరిగొచ్చిందా? ఆయన నడుముకు నా క్షమాపణలు చెప్పు.

నిన్న పక్క ఊరి ప్రెసిడెంటు గారు మా ఇంటికి వచ్చారు. వాళ్ళ రోడ్డు చూడటానికి మీ నాన్నగారు రాబోతున్నారట. మాకు గ్రాంటు తెచ్చిపెట్టింది ఊకేనని నాన్న ఆయనకు వివరంగా చెబుతున్నారు. నేను తలుపు చాటున నిలబడి అంతా విన్నాను.

లోపలికి వెళ్ళి జాడీ కడిగి ఎండలో పెట్టాను.

నీ
తులసి