మధ్య కుర్చీ

నాందేడ్,
16 నవంబర్ 2008, ఆదివారం.

చిరంజీవి నితీశ్‌కు మీ బాపు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేను, మీ అమ్మ, ప్రణాలి ముగ్గురం క్షేమమే. పుణెలో నువ్వు కూడా వేళకు తింటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. క్షేమం అనే మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు, అందుకని రాశాను. మిగతాది చదివాక అది ఎంత నిజమో నువ్వే చూసుకో.

వారంటీ కాగితాలతో కలిపి నువ్వు కొరియర్‌లో పెట్టిన ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా ఈ ముసలాడు ఉత్తరం రాయడమేమిటి అనుకుంటావేమో. ఫోన్లో నాలుగు మాటలు కాకముందే "కస్టమర్ అచ్చిండు బాపూ, మల్ల చేస్త" అంటావు. ఆ మల్ల ఇంతవరకు రాలేదు. ఉత్తరంలోనైతే మధ్యలో కస్టమర్లు రారు.

మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. గోకుందలో వాళ్ల చెల్లెలి దగ్గరికి వెళ్లి పసరు మందు కట్టించుకొని వచ్చింది. నొప్పి తగ్గలేదు గానీ చెల్లెలితో నాలుగు రోజులు కడుపునిండా మాట్లాడింది, ఆ హుషారు మాత్రం ఉంది. నీ చెల్లెలు పన్నెండో తరగతి పుస్తకాలు ముందు పెట్టుకొని సెల్‌ఫోన్‌లో చదువుతోంది. సిక్కుల గురుతా గద్దీ ఉత్సవాలు ముగిసి ఊరు మళ్లీ ఊరిలా అయింది. రోడ్లు వెడల్పయ్యాయి. కరెంటు మాత్రం అంతే, పగలు ఐదు గంటలు తీస్తున్నారు.

ఇక నువ్వు అడిగినవి. రామకిషన్ సేఠ్ కోడలు శీతల్ నీ షోరూంకు ఫోన్ చేసి, టీవీలో మనుషులంతా లావుగా కనబడుతున్నారు, టీవీ పాడైంది, మార్చి ఇవ్వండి అని గొడవ చేసిందన్నావు. టీవీ నిక్షేపంగా ఉంది. కేబుల్‌వాడు పంపే బొమ్మ చదరంగా ఉంటుంది, నువ్వు అమ్మిన టీవీ వెడల్పుగా ఉంటుంది. రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. వాటిని అలాగే ఉండనివ్వండని మొదటి రోజే చెప్పాను. "గింత పెద్ద టీవీ కొన్నది నల్లగ చూసెతందుకా?" అన్నాడు సేఠ్. కోడలు రిమోట్ నొక్కి బొమ్మను సాగదీసింది. సాగదీస్తే మనుషులు లావెక్కరా మరి? పెట్టె మీద హై డెఫినిషన్ అని పెద్ద అక్షరాలున్నాయి. ఆ డెఫినిషన్ నాందేడ్‌కు ఇంకా బస్సెక్కలేదు. కేబుల్‌లో రాదు, డిష్‌లో రాదు, ఇక్కడి బజారులో దొరికే డీవీడీల్లో లేదు. ఉన్న బొమ్మనే ఇంకాస్త పెద్దగా, ఇంకాస్త మసకగా చూసుకుంటున్నారు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద టీవీ నడుస్తుంది గానీ ఆంప్లిఫయర్ పెట్టగానే ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోతుంది. అందుకని సగం రోజు హోం థియేటర్లో మూగ సినిమా.

ఆ గది కొలతలు నీకు నేనే రాసి పంపాను, గుర్తుందా? పద్నాలుగడుగుల వెడల్పు, పదడుగుల లోతు. టీవీ గోడకు, కుర్చీలకు మధ్య మిగిలేది ఏడున్నర అడుగులు. నలభై రెండు అంగుళాలు చాలు, వరుసగా ఏడు కుర్చీలు వేస్తారు కాబట్టి చివర కూర్చున్న వాళ్లకు కూడా బాగా కనబడాలంటే ప్లాస్మా మంచిది, కిటికీకి మందపాటి పరదా వేయిద్దాం అన్నాను. నువ్వు యాభై రెండు అంగుళాల ఎల్‌సీడీ పంపావు. సేఠ్ బావమరిది ఇంట్లో యాభై ఉందట, అందుకని సేఠ్‌కు యాభై రెండు కావాలట. మీ షోరూంలో ఆ నెల ఎల్‌సీడీలే కదలాలట. ఇక గదిని ఎవరు చూస్తారు? చివరి కుర్చీల్లో కూర్చున్న వాళ్లకు రంగులు వెలిసిన చీరలా కనబడుతున్నాయి. అమ్మేవాడివి నువ్వు, కొనేవాడు సేఠ్, నేను మేకులు కొట్టేవాణ్ని. సరే.

ఆ గది ఎలా చేశానో మీ మేనేజర్ ఫొటోలు అడిగాడన్నావు. ప్రణాలి తన ఫోన్లో తీసింది, పంపుతుంది. ఫొటోలో నీలం బట్ట వేసిన ఏడు కుర్చీలు చూసి ఆయన సోఫాలు అనుకుంటాడేమో. అవి సేఠ్ మూసేసిన మన టాకీస్ బాల్కనీ మొదటి వరుసవి. టాకీస్ మూసిన రోజు సేఠ్ నా భుజం మీద చెయ్యి వేసి, "మిషిన్ యాడికి పోదు నర్సన్నా. ఇంట్ల పెట్టుకుంట, యాదికుంటది" అన్నాడు. పదిహేను రోజుల తర్వాత నేను అటువైపు వెళ్లేసరికి పాత ఇనుము కొనే భంగార్‌వాడు ఆ ప్రొజెక్టర్‌ను సుత్తితో విరగ్గొట్టి ఇనుము వేరుగా, ఇత్తడి వేరుగా తోపుడు బండి మీద వేసుకుంటున్నాడు. ఇరవై ఏడేళ్లు రోజూ తుడిచి నూనె వేసిన మిషిన్. ఇంటికి వచ్చి పప్పులో ఉప్పు లేదని మీ అమ్మ మీద అరిచాను. కుర్చీలకు మాత్రం ఇల్లు చేరే యోగం పట్టింది, కొత్త బట్ట కూడా పట్టింది.

టాకీస్ స్థలంలో పెళ్లిళ్లకు మంగల్ కార్యాలయం లేస్తోంది. నువ్వే కదా సేఠ్‌కు టీవీ అమ్మి, "బిగించేటందుకు మా బాపు ఉన్నడు, ఆయన కంటె సౌండ్ తెలిసినోడు నాందేడ్‌ల లేడు" అని మాట ఇచ్చింది. సేఠ్ గడప మళ్లీ తొక్కనని మీ అమ్మతో ఒట్టు పెట్టుకున్నవాణ్ని, నీ మొదటి పెద్ద అమ్మకం అని వెళ్లాను.

ఇప్పుడు డాక్టర్ ఇంట్లో ఒకటి, కంట్రాక్టర్ ఇంట్లో ఒకటి పెట్టాలి, సేఠ్ గదిని చూసి వాళ్లు కూడా నిన్నే అడుగుతున్నారు, చేస్తావా బాపూ అని రెండు సార్లు రాశావు. చేస్తానో చేయనో చెప్పకుండా మొహం ఎందుకు దాస్తున్నావని మీ అమ్మతో అడిగించావు. చెబుతాను. దానికి ముందు నేను చేసిన పని ఒకటి నీకు తెలియాలి.

ఐదు స్పీకర్ బాక్సులూ గోడలకు ఎక్కించి, తీగలు లాగి, పాటల సీడీ పెట్టాను. అప్పుడు మధ్య కుర్చీలో కూర్చొని వినాలి. ఐదింటి ధ్వనీ వచ్చి కలిసేది అక్కడే. నిలబడితే తెలియదు, పక్కన కూర్చుంటే తెలియదు. నేను కూర్చున్నాను. అర నిమిషం కాలేదు, తలుపు దగ్గర నుంచి శీతల్, "కాకా, ఖుర్చీవర్ నకో. నవీన్ కవ్హర్ ఆహే" అంది. కుర్చీలో కూర్చోవద్దట, కవర్ కొత్తది, మాసిపోతుందని. ఆమె గొంతులో కోపం కూడా లేదు. పిల్లిని దిగమన్నట్టు మామూలుగా అంది. నేను లేచి సేఠ్ వైపు చూశాను. అక్కడే ఉన్నాడు, పేపరు చూసుకుంటున్నాడు. "ఏదన్న బట్ట ఏసుకొని కూసో నర్సన్నా. లేకుంటే నిలవడి ఇను, నీకేమన్న కొత్తనా?" అన్నాడు.

ఆ కవర్ కింద ఉన్న కుర్చీకి బాల్కనీలో ఎన్నిసార్లు బోల్టులు బిగించానో నాకు తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది నితీశ్. నీకు అబద్ధం రాయను, ఆ క్షణంలో నువ్వు కూడా గుర్తు రాలేదు.

నిలబడే విన్నాను. విని, ఒక బాక్సు కిందికి దించి, ఎర్ర తీగ ఉండాల్సిన చోట నల్లది, నల్లది ఉండాల్సిన చోట ఎర్రది బిగించి మళ్లీ గోడకు ఎక్కించాను. పొరపాటున కాదు. చూసి, తెలిసి, కావాలని. నాలుగు బాక్సులు గాలిని ముందుకు తోస్తుంటే అదొక్కటి వెనక్కి లాగుతుంది. ఏదీ కాలిపోదు, టీవీకి ఏమీ కాదు. పాట వస్తూనే ఉంటుంది. కానీ పాడే గొంతు ఒకచోట నిలవదు, డోలు దెబ్బలో బరువు ఉండదు. ఏదో పోయిందని వినేవాడికి తెలుస్తుంది, ఏం పోయిందో తెలియదు.

నేననుకున్నది ఏమిటంటే, రెండు రోజుల్లో సేఠ్ పిలుస్తాడు. ఇన్నేళ్లు టాకీస్ నడిపిన మనిషి, ఆ మాత్రం పట్టుకోడా? అప్పుడు అందరి ముందు ఆ మధ్య కుర్చీలో తీరిగ్గా కూర్చుంటాను, నన్ను లెమ్మనడానికి ఎవరికీ నోరు రాదు, విని, లేచి, తీగలు సరిచేసి ఇంటికి వస్తాను. అంతే. అంతకంటే పెద్ద పగ నాకు చేతకాదు.

సేఠ్ రెండో రోజే పిలిచాడు. చేతిలో లడ్డూల డబ్బా పెట్టాడు. "టాకీసు కంటె మంచిగున్నది నర్సన్నా" అన్నాడు. ఆ వారమంతా చుట్టాలను పిలిచి వినిపించాడు. వాళ్లంతా వాహ్ వాహ్ అన్నారు. మీ మేనేజర్‌కు ఫోన్ చేసి మెచ్చుకున్నాడని, షోరూంలో అందరి ముందు నీకు చప్పట్లు కొట్టారని నువ్వు సంతోషంగా రాశావు. ఆ ముక్క మీ అమ్మ రెండు సార్లు చదివించుకుంది. నేను బయటికి వెళ్లి నిలబడ్డాను. తప్పుగా బిగించిన పనికి జీవితంలో మొదటిసారి లడ్డూలు తిన్నాను. సరిగ్గా ఆడించిన ఇరవై ఏడేళ్లకు ఒక్కడూ ప్రొజెక్టర్ కేబిన్ మెట్లెక్కి వచ్చి బాగుంది అనలేదు, బొమ్మ ఆగితే మాత్రం ఈలలు వేశారు.

అప్పటికీ నాకు ఒక ఆశ ఉంది. దీపావళికి నువ్వు వస్తావు.

వచ్చావు. నిన్ను సేఠ్ ఇంటికి తీసుకువెళ్లాను. శీతల్ నిన్ను "బసా నా సర్" అని తనే మధ్య కుర్చీ చూపించింది. నువ్వు కూర్చున్నావు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా పక్కన చీపురు పట్టుకొని జనాబాయి నిలబడింది. టాకీసులో ఆట ఆటకూ ఊడ్చిన మనిషి, ఇప్పుడు వాళ్ల ఇల్లు ఊడుస్తోంది. నువ్వు మూడు పాటలు విన్నావు. నేను పాటలు వినలేదు, నీ మొహమే చూస్తున్నాను. ఇప్పుడు తల తిప్పుతాడు, ఇప్పుడు నా వైపు అనుమానంగా చూస్తాడు అనుకుంటూ ఉన్నాను. నువ్వు లేచి, సేఠ్ వినేట్టు, "ఏక్ నంబర్ ఉన్నది బాపూ" అన్నావు. తర్వాత సేఠ్‌తో ఇంకా పెద్ద టీవీల గురించి మాట్లాడటం మొదలుపెట్టావు.

జనాబాయి నా చెయ్యి గిల్లి మెల్లగా అంది: "నర్సన్నా, గా పాట పాడేటామె యాడ నిలవడ్డదో తెలుస్తలేదు. మన టాకీసుల ఎదురుంగ నిలవడి పాడినట్టుండె. గీడ ఊకె గోడలెంబడి తిరుగుతున్నట్టున్నది. నాకే గట్లున్నదా?"

"కొత్త మిషిన్లు గట్లనే ఉంటయి" అన్నాను. ఇన్ని రోజుల్లో నేను నోటితో చెప్పిన అబద్ధం అదొక్కటే. సరిగ్గా విన్న ఒక్క మనిషికే చెప్పాను. నాకు నిజంగా సిగ్గేసింది ఆ రోజు.

పదకొండేళ్ల వయసులో నువ్వు సెలవులన్నీ కేబిన్‌లో గడిపేవాడివి. ఒకనాడు మ్యాటినీ నడుస్తుండగా "బాపూ, ఎడమ దిక్కు బాక్స్ దగ్గుతున్నది" అన్నావు. నాకేమీ వినిపించలేదు, నోర్మూసుకొమ్మన్నాను. ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్లి చూస్తే ఆ స్పీకర్ కాగితం వేలెడంత చిరిగి ఉంది. ఆ సంగతి నేను బంధువుల ఇళ్లలో, టీ కొట్ల దగ్గర, ఎన్ని చోట్ల చెప్పానో లెక్కలేదు. నా కొడుకు చెవి నా చెవి కంటే పైన అని చెప్పుకొని తిరిగాను. ఆ చెవి ఎక్కడ పోయింది? పగలంతా ఒకే గదిలో ముప్పై టీవీలు ఒకేసారి మోగుతుంటే పోయిందా? లేక ఆ రోజు విని కూడా, సేఠ్ ముందు ఎందుకులే అని ఊరుకున్నావా? మొదటిదైతే నాకు ఏడుపు వస్తుంది. రెండోదైతే నీతో మాట్లాడాలని లేదు. దీపావళి నుంచి ఈ రెంటి మధ్యా తిరుగుతున్నాను.

నీ పేరు మీద వెళ్లిన పనిని నేను చెడగొట్టాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కావాలంటే ఈ ఉత్తరం మీ మేనేజర్‌కు చూపించు. సేఠ్‌కు చదివి వినిపించినా నాకు బాధ లేదు, ఆయన నమ్మడు.

డాక్టర్, కంట్రాక్టర్ సంగతికి నా జవాబు ఇది. ముందు నువ్వు ఒకసారి నాందేడ్ రా. ఇంటికి కాదు, బస్సు దిగి నేరుగా సేఠ్ ఇంటికి వెళ్లు. నిన్ను ఎవరూ లెమ్మనరు. ఏదైనా పాట పెట్టించుకొని కళ్లు మూసుకొని విను. ఐదింటిలో తప్పు బాక్సు ఏదో నేను రాయడం లేదు. టార్చి సెల్లు తీగలకు ఆనించి స్పీకర్ కాగితం ఎటు కదులుతుందో చూస్తే ఎవరికైనా నిమిషంలో దొరుకుతుంది, ఆ పని చేయకు. చెవితో పట్టుకో. పట్టుకుంటే నీ చేత్తోనే తీగలు సరిచేసి ఇంటికి రా. ఆ రెండు ఇళ్ల పనీ చేస్తాను. నిలబెట్టినా చేస్తాను.

పట్టుకోలేకపోతే ఊరికే దొరికిందని మాత్రం నాతో చెప్పకు. అటు నుంచి అటే పుణె బస్సెక్కు. నీకు సెలవు దొరకలేదట అని మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
చెవులు ఇంకా పనిచేస్తున్న
మీ బాపు
నర్సన్న