మాత్రల డబ్బా మీ దగ్గరే ఉంచండి

అత్తయ్యా,

నా నిద్రమాత్రల డబ్బా మీ బీరువాలో పెట్టాను. దాన్ని నాకు తెలియని చోటికి మార్చండి. మాత్రలన్నీ సగానికి కోసి ఉంచాను. పడుకునే ముందు ఒక సగం ఇవ్వండి. అది మాత్రం ఆపకండి, ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. రెండో సగం చచ్చినా ఇవ్వకండి.

డబ్బా సంగతి మీ అబ్బాయికి చెప్పకండి. మొన్న ఆయన నా ఏడుపు చూడలేక, నాకు తెలియకుండా పాలల్లో ఇంకో సగం కలిపి ఇచ్చారు. సగంతోనే నిద్ర పట్టిందని పొద్దున్నే మీ దగ్గర ఎంత మురిసిపోయానో! తర్వాత సంగతి తెలిసి ఇదేమిటని అడిగితే "ఒక్క రాత్రికి ఏమవుతుందిలే" అన్నారు. ఒక్క రాత్రికేగా అనుకుంటూనే నేను ఇన్నేళ్ళు మింగాను.

ఈ ఇంట్లో నా కన్నీళ్ళకి కరగనిది మీరొక్కరే. ఇన్నాళ్ళూ అదే నా కడుపుమంట. ఇప్పుడు అదే నాకు దిక్కు. రాత్రికి మీ కాళ్ళు పట్టుకుంటాను, నోటికొచ్చినట్టు తిడతాను, పుట్టింటికి పోతానని బెదిరిస్తాను. ఏదీ నమ్మకండి. ఈసారి ఓడిపోతే మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాలో లేదు.

పాపని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. సాయంత్రానికి వచ్చేస్తాం. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేదు, ఒకసారి చూడండి.

మీ కోడలు

ఇంకో మాట. రెండో సగం ఇవ్వనని చెప్పి తలుపేసుకుని పడుకోకండి అత్తయ్యా. తిడుతూనైనా సరే, కాసేపు నా పక్కన కూర్చోండి.