రొడాంథి అనే పూవు

అమారీ కొండ మీద నుంచి,
ఈస్టరు ముందరి పెద్ద ఉపవాసాల నాలుగో వారం

అర్గీరో, నా ప్రాణమా,

మీ అక్క కట్లు విప్పారా? ఏథెన్స్‌లో నీకు నిద్ర పట్టడం లేదని రాశావు. ఇక్కడ నాకు నిద్ర తప్ప మరో పని మీద మనసు పోవడం లేదు. తేనెటీగ ఆర్కిడ్‌ల ముందు బోర్లా పడుకుని చూడటం కుర్రాళ్ళ పని. నేను పడుకోవడం వరకు బాగానే పడుకుంటున్నాను, లేవాలంటే గొర్రెల కాపరి వచ్చి చెయ్యివ్వాలి.

ఫోనులో చెప్పే ధైర్యం లేక ఇది రాస్తున్నాను. రొడాంథి పూవు ఇక ఉండదు. పూవు ఉంటుంది, పేరు పోతుంది.

నేను పేరు పెట్టిన పూవు ఈ కొండ మీద తప్ప ఎక్కడా లేదనీ, దిగువ ఆలివ్ తోటల్లోది వేరే జాతనీ ఇన్నేళ్ళూ వాదించాను కదా. రెండింటికీ తేడా కింది రేకు అంచున ఒక పసుపు గీత, అంతే. యోసీఫ్ నా దగ్గర చదువుకుని ఇప్పుడు నాకే పాఠం చెబుతున్నాడు. "మాస్టారూ, మీ లెక్కన ఫాదరు గారి గడ్డం చూసి ఆయన్ని కూడా వేరే జాతి కింద రాసేయాలి. మన కళ్ళతో చూసింది చాలు గానీ, మగ తేనెటీగనే అడుగుదాం పదండి" అన్నాడు.

ఈ పూలు ఆడ తేనెటీగ వేషం కట్టి మగ ఈగను రప్పిస్తాయి. ఒక్కో జాతి పూవుకు ఒక్కో రకం ఈగే మోసపోతుంది. రెండు పూలనూ గుండుసూదులకు గుచ్చి బండ మీద పక్కపక్కన నిలబెట్టాం. ఎండెక్కాక ఒక మగ ఈగ వచ్చి కొండ పూవు మీద వాలింది. కాసేపు దాంతో కాపురం చేసి, లేచి, తోట పూవు మీద వాలి అక్కడా అదే కాపురం మొదలుపెట్టింది. గెలిచిన యోసీఫ్, పాపం, రాకీ సారా పోసి నాకే ఇచ్చాడు. వారమంతా అదే తంతు, కొలతలూ రెండూ ఒకే జాతనే చెప్పాయి.

ఒకే జాతికి రెండు పేర్లుంటే ముందు పెట్టిందే నిలుస్తుంది. తోట పూవుకు హన్యాలో ఒకాయన నాకంటే ముందే పేరు పెట్టాడు. యోసీఫ్ వ్యాసం రాసేశాడు, నా సంతకం లేకుండా పంపనంటాడు. నేను పెన్ను తీస్తున్నాను, మూస్తున్నాను.

ఈ వెనకాడటం మా అమ్మ కోసం కాదు. పూవుకు తన పేరే పెట్టానని చర్చి మెట్ల మీద కనబడ్డ ప్రతి ముసలమ్మకూ చెప్పుకుంటుంది. పోయిందంటే నన్ను నాలుగు తిట్టి ఊరుకుంటుంది. కానీ అర్గీరో, పూవుకు ఆ పేరు పెట్టింది అమ్మ కోసం కాదు. నానమ్మ పేరు రావలసిన మన పాప కోసం. ఈస్టరు వెళ్ళాక బాప్తిస్మం అనుకున్నాం, అంతదాకా ఆ పిల్ల ఆగలేదు. నీళ్ళలో ముంచేదాకా పేరు పెట్టి పిలవకూడదంటారు కదా మన వాళ్ళు. ‘పాప’ అనే పిలిచాం, పాపగానే పాతిపెట్టాం. సమాధి దగ్గర ప్రార్థనలో చెప్పడానికి పేరు లేక ఫాదరు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నాకింకా గుర్తే. ఆ వసంతంలోనే ఈ పూవు కనబడింది. ఐదు నెలలు బతికిన పిల్లకు లోకంలో ఎక్కడో ఒకచోట పేరుండాలనుకున్నాను. పుండు కెలకడమెందుకని నీకు చెప్పలేదు. ఇప్పుడు నా చేత్తోనే దాన్ని కొట్టేయాలి, చెయ్యి రావడం లేదు. చాలా అలసిపోయాను. సంతకం చెయ్యనా, మాననా? నువ్వే చెప్పు.

నీ
మనూసోస్


ఏథెన్స్

మనూసో,

అక్క కట్లు విప్పారు. అప్పుడే నా వంటకు వంకలు పెడుతోంది, అంటే నయమైనట్టే. నీ ఉత్తరం బాల్కనీలో చదివాను, ఏడ్చాను, మళ్ళీ చదివాను.

అది పాప పేరని నాకు మొదటి నుంచీ తెలుసు, పిచ్చివాడా. మీ అమ్మ మీద నీకంత ప్రేమ ఎప్పుడుంది?

నీకు తెలియనిది ఒకటుంది. ఆ కట్టుబాటు నేను పాటించలేదు. పాలిచ్చేటప్పుడు తలుపు వేసుకుని దాని చెవిలో పిలిచేదాన్ని, రొడాంథీ అని. మొదట్లో దానికేం పట్టేది కాదు. చివరి నెలలో పిలిచీ పిలవగానే పాలు వదిలేసి నా మొహంలోకి చూసేది. మీరంతా ‘పాపా, పాపా’ అని ఎంత అరిచినా తల తిప్పేది కాదు. గుర్తుందా, "పిల్లకు చెవుడేమోనమ్మా" అని మీ అమ్మ చెవుల్లో నూనె చుక్కలు కూడా వేసింది. చెవుడు కాదు, ఆ పేరు తనది కాదు కాబట్టి పలకలేదు.

అది పోయాక ఈ మాట చెబితే, నేను పిలిచినందుకే పోయిందని మీ అమ్మ అంటుందని చెప్పలేదు. నువ్వూ అనుకుంటావని భయపడ్డాను. ఇప్పుడనుకుంటే అనుకో. పిలిచినందుకు నేను ఒక్కరోజూ బాధపడలేదు.

సంతకం చేసి కొండ దిగు. ఆ పూవు దగ్గర కూర్చుని నువ్వు ఎన్ని వసంతాలు పిలిచావో నాకు తెలియదు, అది ఒక్కసారీ పలికి ఉండదు. మన పిల్ల పేరు లేకుండా పోలేదు, మనూసో. పిలిస్తే చూసింది.

అర్గీరో