ఆస్కార్‌కు ఒక్కపొద్దు

12 జూన్ 2004, శనివారం

పెద్ద చేప చచ్చిపోయింది. పొద్దున హోటల్ షట్టర్ ఎత్తేసరికి వెల్లకిలా తేలుతోంది. కడుపు ఉబ్బిపోయింది. ఉబ్బదా మరి? ఏడు నెలలుగా దానికి ఇడ్లీ, బూందీ, పెరుగన్నం. పెట్టిన చెయ్యి నాదే.

వాస్తు అని మా ఓనర్ ఆదెప్ప నా క్యాష్ కౌంటర్ పక్కన అక్వేరియం పెట్టించాడు. రెండు ఆస్కార్ చేపలు, ఒక్కోటి జానెడు. మదనపల్లె బస్టాండు దగ్గర ప్యూర్ వెజిటేరియన్ హోటల్, అందులో మాంసం తినే చేపలు! అమ్మినవాడు నా ముందరే చెప్పాడు, ఇవి పురుగులూ చిన్న చేపలూ తినే జాతి అని. ఆదెప్ప అంతా విని, అద్దానికి కుంకుమబొట్టు పెట్టి, మత్స్యావతారానికి నీసు పెడితే కండ్లు పోతాయమ్మా అన్నాడు. శనివారమైతే ఆయనతో పాటు వాటికీ ఒక్కపొద్దు. సాయంత్రం పూజయ్యాక నాలుగు బూందీ గింజలు, ప్రసాదం.

నేనూ శనివారం ఒక్కపొద్దే. పద్దెనిమిదేళ్లుగా. నేను మొక్కుకున్నాను, ఉంటున్నాను. చేప ఎవరికి మొక్కుకుంది?

13 జూన్

రెండోదానికి తల మీద గుంటలు పడుతున్నాయి. రంగు వెలిసిపోయింది. ఇది కూడా పోతే నేనే చంపినట్టు.

15 జూన్, మంగళవారం

వాల్మీకిపురం ఆయనెవరో తొట్టిలో గుప్పెడు బొరుగులు పోశాడు. అరిచాను. పుణ్యానికి వేస్తాండాను, నీ సొమ్మేం పోతాది అన్నాడు. నీళ్లు మార్చేది నేను. వాడి పుణ్యం నా నడుముకొచ్చింది.

బెంగళూరు నుంచి చేపల మేత పెల్లెట్స్ తెప్పిద్దామని ఆదెప్పను అడిగాను. డబ్బా నూట డెబ్బై. దినామూ ఇడ్లీలు మిగిలిపోతాంటే యాలమ్మా అంత దుడ్డు అన్నాడు. అయినా కొనేవాడేమో. డబ్బా మీద రొయ్య బొమ్మ ఉందని తెలిసింది. అంతే, చెవులు మూసుకున్నాడు.

17 జూన్, గురువారం, రాత్రి

పుంగనూరులో మా పక్కింటి మైమూనాకు గోడ మీంచి ఇదంతా చెప్పి ఏడ్చినంత పని చేశాను. ఆమె పట్టు రీలింగ్‌లో పని చేస్తుంది. పకపకా నవ్వింది. పిచ్చిదానా, మా ఆడ తట్టలు తట్టలు పారేస్తాండారు కదా అంది. ఉడకబెట్టిన పట్టుగూళ్ల నుంచి దారం లాగేశాక లోపల పురుగు మిగులుతుంది. కోళ్లవాళ్లు పట్టుకుపోతారట. మంచి బలమట. నాకైతే ఊరికే.

జాగ్రత్తలు కూడా చెప్పింది. ముందురోజు సాయంత్రం తీసిన పురుగే వెయ్యి, ముక్కిన వాసనొస్తే పారెయ్యి. కొవ్వు జాస్తి, నాలుగైదు కంటే వెయ్యొద్దు. రోజు మార్చి రోజు వానపాములు వెయ్యి, పెరట్లో తవ్వితే కావలసినన్ని ఉండాయి అంది. ఇంత సులువైన సంగతికి ఒక ప్రాణం పోయింది. ఎవర్ని కొట్టాలి?

18 జూన్, పొద్దున 6.30

రాత్రి మైమూనా ఇచ్చిన పురుగును వంటవాళ్లు రాకముందే వేశాను. మొదట అటు తిరిగిపోయింది. ఇడ్లీ మరిగింది కదా, ముదనష్టపుది. రెండోది వేశాను. చటుక్కున మింగింది! ఇంకొకటి కావాలని అద్దం దగ్గరికొచ్చింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

19 జూన్, శనివారం

ఈరోజూ పెట్టాను. ఎవడొస్తాడో రానీ.

10 జూలై, శనివారం

తల మీద గుంటలు పూడుతున్నాయి. ఒంటి మీద ఎర్రమచ్చలు నిప్పుల్లా తేలాయి. ఆదెప్ప కస్టమర్లను పిలిచి పిలిచి చూపిస్తున్నాడు. నా ఒక్కపొద్దు మహిమ సూడండప్పా అంటాడు. జనం లెంపలేసుకుంటున్నారు. మహిమ నా హ్యాండ్‌బ్యాగ్‌లో టిఫిన్ బాక్సులో కంపు కొడుతోంది. ఏం వాసనమ్మా అంటే డ్రైనేజీ అన్నాను. సిగ్గులేదు నాకు కూడా.

23 జూలై, శుక్రవారం

అధిక మాసమట. అయ్యేదాకా చేపకు తులసాకు వేసిన నీళ్లు తప్ప ఏమీ వేయొద్దట. అద్దానికి నోటీసు అంటించాడు. ఈ మాట చెప్తూ ఆయన రెండో మసాలా దోశ తింటున్నాడు. చేతికి అందితే ఆ చట్నీ గిన్నె...

24 జూలై, శనివారం, సాయంత్రం 4

అయిపోయింది.

పొద్దున తొందరగా వేద్దామంటే తొట్టి దగ్గర ఆదెప్ప స్టూలు వేసుకొని కూర్చున్నాడు, కాపలా. తొమ్మిదింటికి హోటల్ నిండింది. చేప నా వైపు చూసి అద్దానికి మూతి కొడుతోంది. దానికి తెలుసు బాక్సు యాడుండాదో. నాకు పట్టరాని కోపం వచ్చింది. అందరి ముందరా బాక్సు తీసి, నోటీసు చింపి, పురుగు వేశాను. నీళ్లు ఎగిరేలా మింగింది. ఎవరో దోశ వదిలేసి లేచారు.

ఆదెప్ప స్టూలు మీంచి లేచాడు. కూడు పెట్టే సోట పురుగులా, నా మడి మంటగలిపినావు కదే అన్నాడు. పూజకని కట్టుకున్న పట్టుపంచెలో ఉన్నాడు. ఆ పంచె చూపించి, ఆ దారం కోసం ఉడకబెట్టిన పురుగే ఇది, నీ మహిమ ఐదు వారాలుగా ఇదే తింటోంది స్వామీ అన్నాను. హోటలంతా ఆయన పంచె వైపు చూసింది. ఆయన కూడా చూసుకున్నాడు.

తర్వాత నెమ్మదిగా, దీన్ని తీసుకొని పో, మళ్ల ఈ గడప తొక్కొద్దు అన్నాడు.

సాంబారు బకెట్ ఒకటి కడిగి, తొట్టి నీళ్లతోనే నింపి, చేపను పట్టుకొని పుంగనూరు బస్సెక్కాను. ఏముండాదమ్మా అందులో అని కండక్టర్ అడిగాడు. మూత తీశాను. లగేజీ టికెట్ కొట్టలేదు.

31 జూలై, శనివారం

ఉద్యోగం లేదు. మా పెరట్లో పాత సిమెంటు తొట్టిలో చేప ఉంది.

నేను ఒక్కపొద్దు. అది ఐదు పురుగులు తింది.