అపాయింట్‌మెంటు లేని పిల్లి

వెల్డరు గారికి, క్వార్టర్ల ఆఫీసు గుమాస్తా నమస్కరించి తెలియజేయునది.

మీ పిల్లి రోజూ గోడ దూకి, మీ ఎదురు క్వార్టరు గడప మీద చచ్చిన ఎలుకను పెట్టి పోతున్నదని, అదీ కావాలనే, కక్షతో చేస్తున్నదని ఫిర్యాదు అందింది. ఇకమీదట అది బయటికి రాకూడదు. వస్తే పట్టి ఊరి బయట వదిలిపెట్టబడును.

ఇట్లు,
గుమాస్తా

తా.క. ఎలుకకు తల ఉండటం లేదు. తల ఏమవుతున్నదో తెలుపగలరు.

---

గుమాస్తా గారూ,

కోపంగా రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకోండి.

తల అది తింటుంది. తినక దాచుకుంటుందా? అయినా ఆ ఎలుకలు పిల్లివి కావు, మీవి. మురుగు కాలవకి మూతలు వెయ్యమని మొత్తుకున్నాం, విన్నారా? మీరు చెయ్యాల్సిన పనిని అది జీతం లేకుండా చేస్తోంది. దండం పెట్టాల్సింది పోయి నోటీసా? కక్షేమిటండీ, దానికి అదో ఆట. నేను పెట్టింది తిని, మూతి తుడుచుకుని మరీ వేటకి పోతుంది. ఎండుటాకు కదిలితే చాలు, పొట్ట నేలకి ఆనించి, వెనకభాగం అటూ ఇటూ ఊపి ఒక్క దూకు! పుట్టుకతో వచ్చింది. మీ నోటీసుతో పోతుందా?

ఇట్లు,
విధేయుడు అని రాయను,
వెల్డరు

తా.క. ఎదురింట్లో ఎవరుంటారో నాకు తెలీదు. తెల్లారకముందే పోయి పొద్దుపోయాక వస్తాను. ఆ ఫిర్యాదేదో నా మొహం మీదే చెప్పమనండి.

---

వెల్డరు గారికి,

పిల్లి ఆఫీసు పని చేస్తున్నదని మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అపాయింట్‌మెంటు ఆర్డరు లేకుండా ఆఫీసు పని చేయడం నిబంధనలకు విరుద్ధం. దానిని ఎవరు నియమించారు? వెంటనే సంజాయిషీ ఇవ్వాలి. లేనిచో సోమవారం పట్టేవాళ్ళు వస్తారు.

ఇట్లు,
గుమాస్తా

తా.క. ప్రస్తుతం ఖాళీలు లేవు. దరఖాస్తు పెట్టించవద్దు.

---

గుమాస్తా గారూ,

పిల్లికి బిచ్చం పెట్టని ఆఫీసు మీది. ఉద్యోగం అడుగుతానా?

మీ మొదటి నోటీసు వచ్చిన దగ్గర్నుంచీ తలుపేసే ఉంచాను. పాపం, కిటికీలో కూర్చుని బయట పిచ్చుకల్ని చూసి పళ్ళు టకటకలాడిస్తుంది. నేనొచ్చేసరికి నా సాక్సుని వేటాడి, చంపేసి, గుమ్మం దగ్గర పడేసి ఉంటుంది.

మొన్న నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. గదిలోకి మిడత దూరింది. దాన్ని పట్టి, కాలు విరిచి, నా దిండు మీద పెట్టి, తినరా అన్నట్టు చూసింది. వీడికి వేట చేతకాదు, ఆకలికి చస్తాడు అనుకుంది కాబోలు. ఆ మూడు పూటలూ తిన్నావా అని అడిగింది అదొక్కటే. షెడ్డులో నా పక్కనోడికి నేను రాలేదన్న సంగతే సాయంత్రానికి గానీ తెలీలేదట! దాన్ని ఊరి బయట వదిలితే నన్నూ అక్కడే దించండి. బండి కిరాయి కలిసొస్తుంది.

ఇట్లు,
వెల్డరు

తా.క. మిడతని తినలేదు. తిన్నట్టు నటించాను. నమ్మలేదు.

---

బాబూ,

ఇది ఆఫీసు కాగితం కాదు.

ఎదురు క్వార్టరు నాదే. ఫిర్యాదు చేసింది నేను. అందినట్టు సంతకం పెట్టింది నేను. విచారించి నిజమేనని తేల్చిందీ నేనే.

ఎలుకను చూసి మొదట డోకొచ్చింది. నువ్వు తలుపేశాక ఓ పొద్దున గడప చూస్తే ఏమీ లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడు నాలిక కరుచుకున్నాను, ఎలుక కోసం వెతుకుతున్నానేమిటని. ఇన్నేళ్ళలో నా గడప దాకా ఎవరైనా ఏదైనా తెచ్చారంటే అదే. పాలవాడు కూడా గేటు దగ్గరే పెట్టి పోతాడు. నీ ఉత్తరం చదివాక అర్థమైంది. నాకూ వేట చేతకాదని అది ఎప్పుడో కనిపెట్టేసింది.

పట్టేవాళ్ళను రావద్దన్నాను. పిల్లిని వదులు.

ఇట్లు,
ఎదురింటాయన

తా.క. ఇప్పుడే ఒక ఎలుక ఇంట్లో దూరింది. తల ఉన్నదే. మంచం మీద నిలబడి రాస్తున్నాను. పిల్లిని తొందరగా పంపు. కొత్త ఇల్లు కదా, బెదురుతుందేమో, నువ్వూ తోడు రా.