సరిత నేవీకే రాస్తుందట

జూలై 9, బుధవారం. పొద్దంతా ముసురు. రేపటి నేతకు కండెలు చుట్టిపెట్టాను.

ఆర్మీయా, ఎయిర్‌ఫోర్సా, నేవీయా, ఏ పరీక్ష రాయాలా అని నెల రోజులుగా ఆలోచిస్తున్న మా సరిత ఈరోజు నేవీ అని తేల్చేసింది.

వాళ్లమ్మ మగ్గం మీది నుంచే కసిరింది. "బీచుపల్లి కాడ కృష్ణా నది తప్ప ఏం జూడలే. సముద్రంల ఏం జేస్తవే?"

"నువ్వెన్నడన్న గద్వాల పట్టుచీర కట్టినవా అమ్మా? మరి నేస్తలేవా?"

ఆమె నేత ఆపి నవ్వేసింది. సరిత నా వైపు తిరిగింది. "నాయినా, నువ్వేమంటవ్?"

"నేవీకే రాయి బిడ్డా" అన్నాను.

అడిగితే తప్ప మాట్లాడని నేను, సాయంత్రం చాయ్ హోటల్లో ఎవరూ అడగకుండానే అందరికీ చెప్పుకున్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, దానికి ఈత రాదు. రేపు మగ్గం ఆపైనా సరే, తీసుకెళ్లి ఈత నేర్పించాలి.